బృందగాయని సోలో ఆల్బమ్‌తో తిరిగి రావడం: అగ్నేతా ఫెల్ట్‌స్కోగ్ ‘ఏ’ గురించి చర్చ

పాతక్యాసెట్టు

సభ్యులందరికీ నమస్కారం. స్వీడన్ పాప్ బృందం అబ్బాలోని ఇద్దరు గాయనుల్లో ఒకరైన అగ్నేతా ఫెల్ట్‌స్కోగ్ 2013 మే నెలలో విడుదల చేసిన ‘ఏ’ ఆల్బమ్‌ను ఈ వారం మళ్ళీ మొదటి నుంచి చివరి వరకు విన్నాను. ఏ ఆల్బమ్ అని ఎవరైనా అడిగితే ‘ఏ’ ఆల్బమ్ అనే చెప్పవలసి రావడం తెలుగులో మాట్లాడుకొనేవారికి తప్పని తిప్పలు. బృందం పేరే మనకు ఆశ్చర్యార్థకం కాబట్టి ఈ పాటికి అలవాటు పడి ఉండాలి.

ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు అందరూ వాడిన మాట ‘పునరాగమనం’. బృందంలో పాడిన మనిషి చాలాకాలం మౌనంగా ఉండి, ఇప్పుడు ఒంటరిగా తిరిగి వస్తోందన్నది ఆ మాటలోని భావం. నాకు ఆ మాట దగ్గరే అభ్యంతరం ఉంది. 1950లో యాన్‌షోపింగ్ పట్టణంలో పుట్టిన అగ్నేతా 1967లో, అంటే పదిహేడేళ్ల వయసులో, తాను స్వయంగా బాణీ కట్టుకొన్న పాటతో మొదటి రికార్డు ఇచ్చింది. మరుసటి ఏడాది మొదట్లోనే ఆ పాట స్వీడన్ జాబితాలో అగ్రస్థానానికి చేరింది. బృందం కుదురుకొనే నాటికి ఆమె పేరు మీద నాలుగు స్వీడిష్ ఆల్బమ్‌లు ఉన్నాయి. బృందం పేరు ప్రపంచమంతటా మోగుతున్న 1975లోనూ ఆమె ఐదో స్వీడిష్ సోలో ఆల్బమ్ చేసింది. ఆ తరువాత ఇంగ్లీషులో 1983, 1985, 1987, 2004, 2013 సంవత్సరాల్లో మరో ఐదు వచ్చాయి. పిల్లలతో కలిసి పాడిన రికార్డులను ఈ లెక్కలో చేర్చడం లేదు.

ఈ వరుసను చూస్తే, ఒక సోలో గాయని మధ్యలో దాదాపు పదేళ్లు ఒక బృందంలో ఉండి వచ్చిందని చెప్పాలి గానీ, బృందగాయని సోలోగా మారిందని ఎలా అంటాం? అందుకని సభ్యులను అడుగుతున్నాను: ‘ఏ’ ఆల్బమ్‌ను మీరు ఎవరి ఆల్బమ్‌గా విన్నారు? అబ్బాలో నుంచి విడివడిన సగం గొంతుగానా, లేక 1967లో మొదలైన గాయని పదో ఆల్బమ్‌గానా?

నిర్మొహమాటి

పాతక్యాసెట్టు గారూ, మీ లెక్క సరిగానే ఉంది, కానీ దాని నుంచి మీరు తీసిన ముగింపు నాకు సరిపడలేదు. 1967 నాటి ఆ రికార్డు స్వీడన్ వెలుపల ఎంతమందికి తెలుసు? ‘ఏ’ ఆల్బమ్ బ్రిటన్ జాబితాలో ఆరో స్థానానికి చేరిందంటే, కొన్నవారు యాన్‌షోపింగ్ అమ్మాయిని గుర్తు తెచ్చుకొని కొనలేదు. 1974 ఏప్రిల్ 6న బ్రైటన్‌లో యూరోవిజన్ పాటల పోటీ వేదిక మీద ‘వాటర్లూ’ పాడిన ఇద్దరిలో ఒకరిని గుర్తు తెచ్చుకొని కొన్నారు. శ్రోత ఏ గుమ్మంలో నుంచి లోపలికి వచ్చాడో, ఇంటిని ఆ గుమ్మం వైపు నుంచే చూస్తాడు.

ఇక ఆల్బమ్ సంగతి. పాటలు రాసి, ధ్వనిని తీర్చినవారు ఎవరు? యోర్గెన్ ఎలోఫ్సన్, పీటర్ నోర్డాల్. ఎలోఫ్సన్ బ్రిట్నీ స్పియర్స్‌కూ వెస్ట్‌లైఫ్‌కూ పాటలు ఇచ్చిన చెయ్యి తిరిగిన మనిషి. ఆ చెయ్యి తిరగడమే నాకు ఇక్కడ ఇబ్బందిగా అనిపించింది. పాటలన్నీ నున్నగా ఉన్నాయి, చాలా చోట్ల పల్లవి ఎక్కడ ఎత్తుకొంటుందో నాలుగు అడుగుల ముందే తెలిసిపోతుంది. పాడిన మనిషి అరుదైనది, పాటలు మాత్రం ఎవరికైనా ఇవ్వదగినవి. మీరు దీన్ని ఆమె పదో ఆల్బమ్ అంటున్నారు, నేను ఇతరులు ఆమె కోసం అమర్చిపెట్టిన ఆల్బమ్ అంటున్నాను.

రికార్డింగ్_గది

మాటల కన్నా ముందు ధ్వని గురించి మాట్లాడుకోవాలని నా కోరిక, ఎందుకంటే బృందం నుంచి బయటికి వచ్చిన ఏ గాయని విషయంలోనైనా చిక్కు మొదలయ్యేది అక్కడే.

అబ్బా పాటల్లో మనం ఒక గొంతుగా గుర్తుపెట్టుకొన్నది నిజానికి ఒక గొంతు కాదు. అగ్నేతాది పై స్థాయిలో తేటగా పలికే సొప్రానో, బృందంలోని రెండో గాయని ఫ్రీడాది దానికన్నా కింద నిండుగా పలికే మెజో. ఈ ఇద్దరూ చాలా చోట్ల ఒకే స్వరాన్ని కలిసి పాడారు, తరచుగా ఫ్రీడాకు హాయిగా ఉండే స్థాయికి కొంచెం పైన. అలా ఎత్తి పాడడంలో పుట్టే బిగువే ఆ మెరుపుకు సగం కారణమని నా నమ్మకం. దానికి తోడు సౌండ్ ఇంజనీరు మైకేల్ ట్రెటోవ్ ఒకే భాగాన్ని పలుమార్లు పాడించి పొరలు పొరలుగా పేర్చేవారు. మొదటి పొరకూ రెండో పొరకూ మధ్య టేపు వేగాన్ని రవ్వంత మార్చడం ఆయన కిటుకు. శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. చెవి దాన్ని అపస్వరంగా పట్టుకోదు, వెడల్పుగా వింటుంది. 1973లో ‘రింగ్ రింగ్’ పాటతో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఆ తరువాత బృందానికి సంతకమైంది.

ఇప్పుడు ఆ నిర్మాణంలో నుంచి ఒక గొంతును బయటికి తీసి ఒంటరిగా నిలబెట్టండి. గొంతు అదే, కానీ వెడల్పు పోయింది. ఆమె సొంత గొంతునే రెండు మూడు పొరలుగా పేర్చవచ్చు, సోలో ఆల్బమ్‌లలో అలాగే చేస్తారు. అయితే ఒకే గొంతును ఎన్ని పొరలు వేసినా అది ఒకే రంగు చీరను ఎన్నో మడతలు పెట్టడం లాంటిదే. రెండో రంగు రాదు. అందుకే ‘ఏ’ ఆల్బమ్‌లో ఆర్భాటం ఎక్కువైన చోట్ల, ముఖ్యంగా డిస్కో నడకలో సాగే ‘డాన్స్ యువర్ పెయిన్ అవే’ పాటలో, నాకు ఏదో వెలితిగా అనిపిస్తుంది. ఆ నడక వినగానే చెవి ఫ్రీడా కోసం ఎదురుచూస్తుంది. వాద్యాలు తగ్గి పియానో మాత్రం మిగిలిన చోట ఆ ఎదురుచూపు ఉండదు.

కాబట్టి నిర్మొహమాటి గారి మాటకు ఒక సవరణ. పాటలు నున్నగా ఉండడం నాకు పెద్ద దోషంగా కనిపించలేదు. కొన్ని పాటలు ఇద్దరి కోసం కుట్టిన చొక్కాలా ఉండడం, అందులో ఒక్కరే నిలబడడం నాకు కనిపించిన దోషం.

కొత్తశ్రోత

నేను ఈ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టాను. అబ్బా పాటలు పెళ్ళిళ్ళలో, సినిమాల్లో వినడం తప్ప వరుసగా ఎప్పుడూ వినలేదు. అందువల్ల నాకు ఏ వెలితీ తెలియలేదు, వయసులో పెద్దదైన ఒక గాయని ప్రశాంతంగా పాడుతున్నట్లు మాత్రమే అనిపించింది. ఇక్కడి చర్చ చదివాక, తెలియకుండా వినడమే మేలేమోనని సందేహం కలుగుతోంది. ఆమె పాత సోలో రికార్డుల్లో ఏది వినమంటారు?

పాతక్యాసెట్టు

1975 నాటి ‘ఎల్వా క్విన్నోర్ ఇ ఎట్ హూస్’ వినండి. పేరుకు అర్థం ‘ఒకే ఇంట్లో పదకొండు మంది స్త్రీలు’. స్వీడిష్ రాకపోయినా ఫరవాలేదు. ఒక్క పాట మినహా మాటలు బోస్సే కార్ల్‌గ్రెన్‌వి, బాణీలన్నీ ఆమెవే. ఆ మినహాయింపు ఏదో నేను చెప్పను, విన్న తరువాత మీరే ఇక్కడ రాయండి.

రెండో_గొంతు

నా పేరులోనే నా పక్షం ఉంది కాబట్టి ఫ్రీడా తరఫున ఒక మాట చెప్పి, దాని ద్వారా అగ్నేతా దగ్గరికి వస్తాను.

బృందం ఇంకా విడిపోకముందే, 1982లో, ఫ్రీడా తన ఇంగ్లీషు సోలో ఆల్బమ్ చేసింది. దానికి ప్రొడ్యూసర్‌గా ఫిల్ కాలిన్స్‌ను తీసుకొంది. మన సినిమా భాషలో నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు గనుక ఇక్కడ ప్రొడ్యూసర్ అనే మాటనే వాడుతున్నాను: ఏ పాటకు ఏ వాద్యం, ఎంత బిగువు, గొంతు ఎంత ముందుకు వినిపించాలి అని తేల్చే మనిషి. కాలిన్స్ తన డ్రమ్ముల మోత మొత్తాన్ని తెచ్చి ఆ ఆల్బమ్‌లో పెట్టారు. ‘ఐ నో దేర్స్ సమ్‌థింగ్ గోయింగ్ ఆన్’ విన్నవారెవరూ దాన్ని అబ్బా పాటగా పొరబడరు. రికార్డింగ్_గది గారు చెప్పిన వెడల్పు సమస్యను ఫ్రీడా పరిష్కరించిన తీరు అది: తన పక్కన ఖాళీ అయిన చోట మరో గొంతును పెట్టలేదు, డ్రమ్ములను పెట్టింది. 1984లో స్టీవ్ లిల్లీవైట్‌తో మరో అడుగు దూరం జరిగింది. 1996లో పూర్తిగా స్వీడిష్‌కు వెళ్ళి ఆండర్స్ గ్లెన్‌మార్క్‌తో చేసిన ఆల్బమ్‌తో తన దేశంలో మొదటి స్థానం అందుకొంది. ఆమె తిరిగి రావడానికి ప్రయత్నించలేదు, ప్రతిసారీ కొత్త చోటికి వెళ్ళింది.

అగ్నేతా ఎనభైల ప్రొడ్యూసర్లను చూడండి. 1983లో మైక్ చాప్‌మన్, 1985లో 10సీసీ బృందానికి చెందిన ఎరిక్ స్టివర్ట్, 1987లో అప్పటికి రెండేళ్ల క్రితమే షికాగో బృందాన్ని వీడిన పీటర్ సెటెరా. ముగ్గురూ తమ తమ విద్యలో ఆరితేరినవారే, కానీ ముగ్గురివీ మూడు దారులు. వరుసగా మూడు ఆల్బమ్‌లు విన్నా ఆమెకు ఏ ధ్వని ఇష్టమో తెలియదు. గొంతు అంత అందంగా ఉన్నప్పుడు ఎవరి బాణీలోనైనా ఇమిడిపోతుంది, అది ఆమెకు వరమూ అయింది, చిక్కూ అయింది. ఆ తరువాత 17 ఏళ్ల విరామం. 2004లో ఆమె అరవైల నాటి పాటలను ఎంచుకొని మళ్ళీ పాడిన ‘మై కలరింగ్ బుక్’ ఆల్బమ్‌లోనే మొదటిసారి ఆమె అభిరుచి నాకు స్పష్టంగా తెలిసింది, ఎందుకంటే అవి ఆమె అమ్మాయిగా ఉన్నప్పుడు రేడియోలో వినిపించిన కాలం నాటి పాటలు. పునరాగమనం అనే మాట వాడవలసి వస్తే దానికే వాడాలి. ‘ఏ’ దాని తరువాతి మెట్టు మాత్రమే.

నిర్మొహమాటి

రెండో_గొంతు గారి వివరణ బాగుంది. అయినా, మనం ఒక్క అగ్నేతా దగ్గరే ఆగితే సోలో ఆల్బమ్ అనేది కేవలం అభిరుచికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. బయట అంత ప్రశాంతంగా ఉండదు.

బ్రిటన్ పాప్ బృందం టేక్ దట్ ఉదాహరణ తీసుకోండి. పాటలు రాసేది గ్యారీ బార్లో, కాబట్టి బృందం 1996లో విడిపోయాక నిలబడేది ఆయనేనని అందరూ లెక్క వేశారు. మొదటి సోలో ఆల్బమ్ 1997లో బ్రిటన్‌లో అగ్రస్థానానికి చేరింది కూడా. 1999లో వచ్చిన రెండోది దారుణంగా పడిపోయి, రికార్డు కంపెనీ ఆయనను వదులుకొంది. అంతకుముందు 1995లోనే బృందాన్ని వీడి వెళ్ళిన రాబీ విలియమ్స్ మొదటి ఆల్బమ్ 1997లో చప్పగా మొదలై, ‘ఏంజెల్స్’ పాట పట్టుకొన్న తరువాత, విడుదలైన కొన్ని నెలలకు, 1998లో మొదటి స్థానానికి ఎక్కింది. రాయగలిగినవాడు పడిపోయాడు, నిలబడలేడనుకొన్నవాడు నిలబడ్డాడు. కాబట్టి బాణీలు ఎవరివి అన్న మీ కొలబద్ద ఒక్కటే చాలదు.

స్పైస్ గర్ల్స్‌లోని మెలనీ సీ 1999లో, బృందం ఇంకా పేరుకు కొనసాగుతుండగానే, ‘నార్తర్న్ స్టార్’ చేసి దాని నుంచి రెండు పాటలను బ్రిటన్‌లో మొదటి స్థానానికి తీసుకొనిపోయింది. మరో ఆల్బమ్ తరువాత కంపెనీతో బంధం తెగింది. అప్పుడు ఆమె 2004లో సొంతంగా రెడ్ గర్ల్ రికార్డ్స్ అనే సంస్థను పెట్టుకొని వరుసగా ఆల్బమ్‌లు చేస్తూనే ఉంది. నేను గౌరవించే సోలో ప్రయాణం అది. గర్ల్స్ అలౌడ్‌లో అందరికన్నా బలమైన గొంతు నడీన్ కాయిల్‌దని చాలామంది అంటారు. 2010లో ఆమె ఆల్బమ్ టెస్కో దుకాణాలతో కుదిరిన ఒప్పందంతో వచ్చి 47వ స్థానం దగ్గర ఆగింది. అదే బృందం నుంచి అంతకు ఏడాది ముందే వచ్చిన షెరిల్ ఆల్బమ్ మొదటి స్థానంలో ఉంది. గొంతు బలం వేరు, అంగడి బలం వేరు.

ఒప్పందాల_చదువరి

రికార్డు ఒప్పందాల గురించి కాస్త తెలిసినవాడిగా ఒక వివరం చేరుస్తాను. బృందంతో కుదుర్చుకొనే ఒప్పందంలో, సభ్యుల్లో ఎవరైనా విడిపోతే వారి సోలో రికార్డింగుల మీద మొదటి హక్కు కంపెనీకే ఉండేలా ఒక షరతు పెట్టడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. కంపెనీకి ఇది ఐచ్ఛికం, గాయనికి కాదు. కావాలనుకొంటే పట్టుకొంటారు, వద్దనుకొంటే వదిలేస్తారు. చాలా ‘మొదటి సోలో ఆల్బమ్’లు అంత తొందరగా రావడానికీ, రెండో మూడో ఆల్బమ్ దగ్గర కథ ముగియడానికీ ఈ షరతు కూడా ఒక కారణం: బృందం పేరు ఇంకా వేడిగా ఉండగానే కంపెనీ అమ్ముకోవాలి.

రాబడి విషయంలోనూ రాసినవారికీ పాడినవారికీ తేడా ఉంది. అబ్బా పాటలతో అల్లిన ‘మమ్మా మియా!’ రంగస్థల ప్రదర్శన 1999 ఏప్రిల్‌లో లండన్‌లో మొదలైంది. అక్కడ ప్రతి రాత్రీ వేరే నటులు పాడతారు, కాబట్టి ఆ ఆదాయం పాటలు రాసిన బృందసభ్యులు బ్యోర్న్, బెనీలకు చేరుతుంది గానీ మొదట పాడిన గొంతులకు కాదు. నిర్మొహమాటి గారి అంగడి లెక్కకు ఈ ముక్క కూడా కలపాలి.

నిర్వాహకుడు

అగ్నేతా వ్యక్తిగత జీవితం, విడాకులు, ఏకాంతవాసం గురించి ఊహలతో నిండిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. ఆల్బమ్‌లు, పాటలు, గొంతు గురించి రాయండి.

పాతక్యాసెట్టు

నిర్వాహకుల వారికి ధన్యవాదాలు. ఆమె గురించిన ప్రతి చర్చా చివరికి ఎకెరో ద్వీపంలోని ఆమె ఇంటి గుమ్మం దగ్గరికే పోతుంది, పాటల దగ్గర ఆగదు. నిజానికి 1979 అమెరికా యాత్రలో తుపానులో చిక్కిన విమాన ప్రయాణం తరువాత ఆమెకు విమానమంటే భయం పెరిగిందన్న ఒక్క సంగతి చాలు, ‘ఏ’ ఆల్బమ్‌కు కచేరీ యాత్ర ఎందుకు జరగలేదో అర్థం చేసుకోవడానికి.

నిర్మొహమాటి గారూ, బార్లో ఉదాహరణ నన్ను ఆలోచనలో పడేసింది. అయితే నేను బాణీల గురించి అడిగింది అమ్మకాల కోసం కాదు. చిన్న లెక్క ఒకటి చెబుతాను. 1973 నుంచి 1981 వరకు అబ్బా ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లు చేసింది. ఆ ఎనిమిదింటిలోనూ అగ్నేతా బాణీ కట్టిన పాట ఒక్కటే ఉంది: మొదటి ఆల్బమ్‌లోని ‘డిసిల్యూషన్’. మాటలు బ్యోర్న్‌వి. బృందంలో చేరేనాటికే పాటలు కట్టడంలో పేరు తెచ్చుకొన్న ఆమెకు అక్కడ దక్కిన చోటు అంత. ఎవరి తప్పు అని నేను అనడం లేదు. బెనీ, బ్యోర్న్ అంత ధాటిగా రాస్తున్నప్పుడు పక్కనున్నవారు కలం కింద పెట్టడం సహజమే, పైగా ఇంట్లో చిన్న పిల్లలు.

ఇప్పుడు నలభై ఏళ్లు దాటి 2013కు రండి. ‘ఏ’ ఆల్బమ్‌లో పది పాటలు. వాటిలో ఆమె బాణీ మళ్ళీ ఒక్కటే: ‘ఐ కీప్ దెమ్ ఆన్ ద ఫ్లోర్ బిసైడ్ మై బెడ్’. మాటలు ఎలోఫ్సన్‌వి. మంచం పక్కన నేల మీద దాచిపెట్టుకొన్న జ్ఞాపకాల గురించిన పాట అది. ఆల్బమ్ మొత్తంలో పల్లవి ఎక్కడికి పోతుందో నేను ముందుగా ఊహించలేకపోయిన పాట అదే. స్వరం పైకి ఎక్కుతుందనుకొన్న చోట పక్కకు తిరుగుతుంది, చరణం ముగిసిందనుకొన్న చోట మరో అరపాదం మిగిలి ఉంటుంది. 1975 నాటి స్వీడిష్ ఆల్బమ్‌లోనూ ఆమెకు ఇదే అలవాటు. ఈ పాట విన్నప్పుడు నాకు తిరిగి వచ్చినట్లు అనిపించింది బృందంలోని గాయని కాదు, బృందం కన్నా ముందున్న ఆ స్వరకర్త. ఆమె మాత్రం ఒక్క పాట సేపే ఉండి వెళ్ళిపోయింది. నా అసంతృప్తి అదే.

శ్రుతిపెట్టె

నేను కొంతకాలం పాట నేర్పిన మనిషిని, కనుక గొంతు గురించే రాస్తాను.

‘ఏ’ విడుదలయ్యేనాటికి ఆమెకు 63 ఏళ్లు. ఆ వయసులో స్త్రీల గొంతు సాధారణంగా కొన్ని స్వరాలు కిందికి దిగుతుంది, పై స్థాయిలో గాలి కలుస్తుంది, దీర్ఘంగా నిలిపిన స్వరం చివర్లో వణుకు వస్తుంది. 1980లో ‘ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’ పాడిన గొంతును మనసులో పెట్టుకొని వింటే పైకి వెళ్ళే చోట్ల పూర్వపు పదును లేదని తెలుస్తుంది. అయితే ఆమె బలం మొదటి నుంచీ ఎత్తులో కన్నా ఉచ్చారణలో ఉంది. ఒక మాటను స్వరం మీద పెట్టేటప్పుడు హల్లును ముందుగా, మెత్తగా తాకించి, అచ్చును ఆలస్యంగా విప్పుతుంది, దానివల్ల ప్రతి మాటకూ ముందు చిన్న తటపటాయింపు ఉన్నట్లు వినిపిస్తుంది. మనం దుఃఖం అనుకొనేది చాలావరకు ఆ తటపటాయింపే. అది వయసుతో పోలేదు, ఇంకా చిక్కబడింది.

1982లో బృందం చివరి రోజుల్లో రికార్డు చేసిన ‘ద డే బిఫోర్ యూ కేమ్’ పాటను, దాని తరువాత ‘ఏ’ ఆల్బమ్‌లోని మొదటి పాట ‘ద వన్ హూ లవ్స్ యూ నౌ’ను వెంటవెంటనే వినండి. మొదటిదాంట్లో ఆమె దాదాపు మాట్లాడుతున్నట్లు పాడింది. నా దృష్టిలో ఆ పద్ధతే 63 ఏళ్ల గొంతుకు సరైనది. ‘ఏ’ చేసినవారు ఆ దారిలో మరికొంత దూరం నడవకుండా, పల్లవి వచ్చిన ప్రతిసారీ ఆమెను మేడ ఎక్కించాలని చూశారు. రికార్డింగ్_గది గారి వెడల్పు సమస్యకు కూడా మందు అక్కడే ఉందని నా అభిప్రాయం: మాట్లాడినట్లు పాడే చోట రెండో గొంతు అవసరమే పడదు.

రికార్డింగ్_గది

శ్రుతిపెట్టె గారూ, ఒప్పుకొంటున్నాను, కానీ ‘ద డే బిఫోర్ యూ కేమ్’లోనూ వెనక ఫ్రీడా ఉందని మరవకండి. మాటలు లేకుండా పైన తేలే ఆ రాగం ఆమెదే. తీసివేసి ఊహించుకోండి, పాట సగం ఖాళీ అవుతుంది.

శ్రుతిపెట్టె

నిజమే. దొరికిపోయాను.

నిర్మొహమాటి

పాతక్యాసెట్టు గారు చెప్పిన ఆ ఒక్క పాటను నిన్న రాత్రి మూడుసార్లు విన్నాను. మిగతా తొమ్మిదింటికన్నా అది వేరుగా ఉందన్న మాట కాదనలేను. అలాంటివి నాలుగు ఉంటే నేను మొదట రాసిన వ్యాఖ్య రాసేవాడిని కాదు. కానీ అడగనివాళ్ళదా, ఇవ్వనివాళ్ళదా లోపం అన్నది రికార్డు విని తేల్చగలిగేది కాదు.

ఇంకొక సంగతి. నేను బార్లోను విఫలుడికి ఉదాహరణగా తెచ్చాను, కానీ ‘ఏ’ ఆల్బమ్‌లో అగ్నేతాతో కలిసి ‘ఐ షుడ్‌వ్ ఫాలోడ్ యూ హోమ్’ అనే యుగళగీతం పాడింది ఆ బార్లోనే. 2013 నవంబరులో లండన్‌లో బీబీసీ సేవాకార్యక్రమం కోసం జరిగిన కచేరీలో వీరిద్దరూ ఆ పాటను వేదిక మీద పాడారు. పాతికేళ్ల తరువాత ఆమె ప్రేక్షకుల ముందు పాడడం అదే మొదటిసారి. ఆ నెలలోనే బార్లో కూడా 14 ఏళ్ల తరువాత తన సోలో ఆల్బమ్ విడుదల చేశాడు. బృందాల నుంచి వచ్చి ఒంటరితనం రుచి చూసిన ఇద్దరు మనుషులు ఒక పాట పంచుకొన్నారన్నమాట. రికార్డింగ్_గది గారు అడిగిన రెండో రంగు ఆల్బమ్ మొత్తంలో దొరికేది ఆ పాటలోనే, అది మగ గొంతు కావడం వల్ల ఫ్రీడాతో పోలిక రాకుండా కూడా తప్పించుకొంది. తెలివైన పని.

రెండో_గొంతు

2021 నవంబరులో వచ్చిన అబ్బా ‘వాయేజ్’ ఆల్బమ్‌ను కూడా ఈ వరుసలో పెట్టి చూడాలి. ‘ఏ’ వచ్చిన ఎనిమిదేళ్లకు ఆమె మళ్ళీ ఫ్రీడా పక్కన నిలబడి పాడింది. ‘డోంట్ షట్ మీ డౌన్’లో ముందు గొంతు ఆమెది. రెండు గొంతులూ కిందికి దిగాయి, అయినా పల్లవిలో కలిసిన క్షణాన ఆ పాత వెడల్పు గదిలోకి వచ్చి కూర్చొంటుంది. ఆ తరువాత 2023లో ఆమె ‘ఏ’ పాటలకే కొత్త ధ్వని కట్టించి, ఒక కొత్త పాట చేర్చి ‘ఏ ప్లస్’గా విడుదల చేయించింది. పదేళ్ల తరువాత తన ఆల్బమ్‌ను తానే మళ్ళీ తెరిపించిందంటే, దాని ధ్వని విషయంలో ఆమె మనసులోనూ మన చర్చ లాంటిదే ఏదో నడిచి ఉంటుందని నేను అనుకొంటున్నాను. అది నా ఊహ మాత్రమే.

కొత్తశ్రోత

పాతక్యాసెట్టు గారూ, ‘ఎల్వా క్విన్నోర్’ విన్నాను. మీరు దాచిపెట్టిన మినహాయింపు ‘ఎస్ఓఎస్’. స్వీడిష్ మాటలతో ఉన్నా మొదటి పియానో చినుకులకే గుర్తుపట్టాను. ఆ తరువాత అబ్బా వారి ఇంగ్లీషు పాటను పెట్టుకొన్నాను, మళ్ళీ స్వీడిష్‌ది, మళ్ళీ ఇంగ్లీషుది. ఒకే గాయని, ఒకే పాట, ఒకే సంవత్సరం, ఒకటి బృందం పేరు మీద, రెండోది తన పేరు మీద. రికార్డింగ్_గది గారు చెప్పిన వెడల్పు అంటే ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది. కానీ చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది: నాకు ఆ స్వీడిష్ ఆల్బమ్‌లో ‘ఎస్ఓఎస్’ కన్నా దాని చుట్టూ ఉన్న పాటలే ఎక్కువ నచ్చాయి.

పాతక్యాసెట్టు

మొహమాటం ఎందుకండీ. అవన్నీ ఆమెవే కదా.

రెండో_గొంతు

కొత్తశ్రోత గారూ, ఆ ప్రయోగం నచ్చితే దాని జంటను కూడా వినండి. అదే 1975లో ఫ్రీడా ‘ఫ్రీడా ఎన్సామ్’ అనే స్వీడిష్ సోలో ఆల్బమ్ చేసింది, పేరుకు అర్థం ‘ఫ్రీడా ఒంటరిగా’. అందులో ‘ఫెర్నాండో’ ఉంది. బృందం దాన్ని ఇంగ్లీషులో పాడింది ఆ తరువాత, 1976లో. స్వీడిష్‌లో అది ప్రేమ పోగొట్టుకొన్న మనిషిని ఓదార్చే పాట, ఇంగ్లీషులో యుద్ధాన్ని తలుచుకొనే ఇద్దరు ముసలివాళ్ళ పాట అయింది. ఆ పాట సోలో ఆల్బమ్‌లో నుంచే బృందంలోకి వెళ్ళింది. రేపు రెండూ విని, ఫ్రీడా పక్కన అగ్నేతా ఎక్కడ చేరుతుందో రాయండి.